గుమ్మెట గురువు షేక్ నాజర్

క్యూబా ద్వీపపు వాద్యాలను గురించి తెలిసికొన్నప్పుడు అవి మనకు అంత పరాయివిగా తోచవు. మోకాళ్ల నడుమ ఇరికించుకొని వ్రేళ్లతో వాయించే బోంగో అనే జంట డోళ్లు, ఎండిన కాయబుర్రను పుల్లతో గీకి మ్రోగించే గుయిరో, ఆఫ్రికా నుండి బానిసలుగా తరలింపబడిన వారి సంతతి రూపొందించుకొన్న కాంగా, ఇవన్నీ పేదల వాకిళ్లలో పెరిగినవే. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అక్కడి పాలకులు ఈ డోళ్లను అణచజూచారు కూడా. ఇట్టి చరిత్రయే గల వాద్యం మన గుంటూరు సీమలోనూ ఉన్నది. అది బుర్రకథలోని గుమ్మెట. దానికి సభాగౌరవం కూర్చిన మహనీయుడు షేక్ నాజర్.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద కుటుంబంలో జన్మించారు. వారిది దూది ఏకే పింజారుల కులం. ఆ మాటను తెలుగునాట తిట్టుగా వాడేవారు నేటికీ ఉన్నారు, అది మనకు సిగ్గుచేటు. నాజర్ గారు తమ ఆత్మకథకు అదే పేరు పెట్టుకొన్నారు. బాల్యంలోనే సంగీతం అభ్యసించి, నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించారు. పొట్టకూటికై కుట్టుపని కూడ చేశారు.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు భుజాన తంబురా, చేతివ్రేళ్లకు అందెలు ధరించి అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయిస్తారు. వారిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. గుమ్మెట చిన్న కుండవంటిది, మట్టితో గాని లోహంతో గాని చేస్తారు. దీనినే డక్కి అనీ, బుడికె అనీ అంటారు. ఒక నోటికి తోలు మూత, రెండవ నోరు ఖాళీ. ఒక చేతి వ్రేళ్లతో తోలుపై కొడుతూ, రెండవ అరచేతితో ఖాళీ నోటిని మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం లోతెక్కుతుంది, తేలుతుంది. యుద్ధఘట్టంలో కథకుని అందె, వంతల గుమ్మెటలు ఒక్క లయలో కలిస్తేనే వీరరసం పండుతుంది. గొంతు ఎంత గొప్పదైనా లయ చెదిరితే కథ కూలినట్లే. కథకుని కీర్తించే మనం వంతలను మరచిపోవడం న్యాయం కాదు.

ఈ కళ జంగం కథల నుండి వచ్చినదే. 1940ల దశకంలో ప్రజానాట్యమండలి దానిని చేపట్టినప్పుడు నాజర్ గారు ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతోపాటు బెంగాలు కరువును కూడ ఆయన జనం ముందుంచారు. సంకురాత్రి ముంగిళ్లలో వినవచ్చే కథ రాజకీయ వేదిక ఎక్కగానే ప్రభుత్వాలకు కంటగింపైంది. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథపై నిషేధం విధించాయి. రెండు మట్టికుండలకు, ఒక తంబురాకు రెండు సర్కారులు జంకాయన్నమాట!

పిమ్మట చలనచిత్రాలు ఆయనను ఆహ్వానించాయి. 1953లో గరికపాటి రాజారావు గారి పుట్టిల్లులోను, 1954లో అగ్గిరాముడులోను ఆయన బుర్రకథ చోటు చేసికొన్నది. 1986లో పద్మశ్రీ లభించింది. 1997 ఫిబ్రవరి 21న ఆయన స్వర్గస్థులైనారు. అగ్గిరాముడులోని అల్లూరి కథ నేటికీ చూడ లభిస్తున్నది. మన విద్యార్థులు చూచునప్పుడు కథకుని ముఖముతోపాటు ఇరుప్రక్కల గుమ్మెటలపై ఆడే అరచేతులను కూడ గమనింతురు గాక.