సవరల పలుకునకు లిపి కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు

మన పాఠశాలలో చేరిన పసివాడు పలకపై ‘అ’ దిద్దునాటికే ఆ ధ్వనిని నోట పలుక నేర్చియుండును. వానికి క్రొత్తది అక్షరమే కాని ధ్వని కాదు. ధ్వనియు క్రొత్తది, అక్షరమా లేదు, చదువుకొనుటకు పుస్తకమైనను లేదు. అట్టి భాషను పెద్దవయసున నేర్వబూనినవాని శ్రమ యెట్టిదో విద్యార్థు లొకసారి యూహింతురు గాక. ఆ శ్రమకు ముప్పదేండ్లకు పైగా పాల్పడిన పండితుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాషకై పోరాడినవారుగా వారిని తెలుగువారందఱు నెఱుగుదురు. సవర భాషకు వారు చేసిన సేవ నెఱిగినవారు కొలదిమందియే.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు కష్టముమీద సాగినది. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష గెలిచి, మఱుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులైరి. కళాశాలా పరీక్షలను ఉద్యోగము చేయుచునే యిచ్చిరి. ముఖలింగ దేవాలయములందలి ప్రాచీన శాసనముల లిపిని తమంత తామే చదువ నేర్చిరి. ఒకరు చెప్పిన పాఠముతో తృప్తి నొందక, మూలమును తామే చూడవలెనను పట్టుదల వారి కప్పటినుండియు గలదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. పోడు చేసి పండించిన దానిని సంతకు దెచ్చి అమ్ముకొనువారు. వారి భాష ఊరివారికి తెలియదు. ఊరివారి భాష వారికి చాలదు. కాగితముమీద నేమి వ్రాసియున్నదో తెలియక వేలిముద్ర వేయువానికి కలుగు నష్టము చదువరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. బడి యనునది యున్నచోటను ఆ పిల్లలకు చెప్పెడి చదువు పరభాషలోనే. మన హుస్నాబాదు ప్రాంతపు వృద్ధులు ఈ సంగతిని చక్కగా గ్రహింపగలరు. నిజాము ప్రభుత్వ కాలమున ఇంట తెలుగు మాటలాడు బాలుడు బడిలో ఉర్దూలో లెక్కలు నేర్వవలసివచ్చెడిది గదా! అయినను ఆ బాలుని భాషకు లిపి యుండెను, గ్రంథము లుండెను. సవర పిల్లవానికి అదియును లేదు.

పంతులుగారు తెలుగెఱిగిన సవర నొకనిని తమ యింట నుంచుకొని యాతనియొద్ద భాష నేర్వ మొదలిడిరి. సవర తెలుగునకు చుట్టము కాదు, ఒడియాకును కాదు. ముండా కుటుంబములోని భాష. దానిలో మన ఒత్తక్షరములకు పని చాల తక్కువ. మనకు లేని ధ్వనులు మాత్రము గలవు. పదాంతమున హల్లును పలుకుచు కంఠమున ఊపిరిని చటుక్కున బిగబట్టుదురు. ఆ బిగింపు వినబడనిచో మాట సగమే వినబడినట్లు. అచ్చులలోను మన అకారమునకు గాని ఇకారమునకు గాని లొంగనివి గలవు. నామము క్రియలో కలిసిపోయి రెండును ఒకే మాట యగుటయు గలదు గనుక, ఎచట పదము ముగిసెనో తెలియుటయే క్రొత్తవానికి కష్టము. లెక్క పెట్టుటయు వేఱు విధము: పండ్రెండు వఱకు పోయి, పదుమూటిని పండ్రెండు-ఒకటి యందురు, ముప్పది రెండును ఇరువది-పండ్రెండు అందురు.

ఇట్టి చిక్కు సవరకే కలిగినది కాదు. నల్లసముద్రపు టొడ్డున, కాకసస్ పర్వతముల దాపున అబ్ఖాజులను జనులున్నారు. వారి గ్రంథభాషలో హల్లులు 58, అచ్చులు మాత్రము రెండే! రష్యా సైన్యాధికారియగు పీటర్ ఉస్లార్ 1862లో, అనగా పంతులుగారు పుట్టుటకు ముందటి యేడే, రష్యా లిపి నాధారముగ గొని 37 అక్షరముల వర్ణమాలను వారికి గూర్చెను. అది చాలలేదు. తరువాత వారు రోమను లిపికి, 1938లో జార్జియా లిపికి, 1954లో మరల రష్యా లిపికి మాఱవలసివచ్చెను. లిపి మాఱినప్పుడెల్ల పిల్లలు ఓనమాలు మొదలుపెట్టవలసినదే.

సవరకు లిపి కూర్చుటలో పంతులుగారు తొలుత తెలుగు అక్షరములనే వాడి, పిల్లలకు వాచకములు వ్రాసిరి, పాటలను కథలను సేకరించిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టించి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. మదరాసు ప్రభుత్వమువారు వారి కృషిని మెచ్చి ధనమీయజూపగా, అది తమకు వలదనియు, దానితో సవరలకు బడి పెట్టనిండనియు కోరిరి. జీతముమీద బ్రతుకు సామాన్యోపాధ్యాయుని కోరిక యిది. పిమ్మట, పండితుల యుపయోగమునకై, ఐరోపా ధ్వనిశాస్త్రజ్ఞులు ఏర్పఱచిన రీతిని ధ్వని కొక్క గుర్తుండునట్టి పద్ధతిని అవలంబించిరి.

దీనికి వారు చెల్లించిన వెల గొప్పది. కొండలలో తిరుగుటచే మన్యపు జ్వరము పట్టినది. దానికై పుచ్చుకొన్న క్వినైను వలన చెవుడు వచ్చినది. ఒకరి కంఠమునందలి యతిసూక్ష్మమైన బిగింపును పట్టుకొనుటకై యేండ్ల తరబడి వెచ్చించిన చెవులు అవియే! అయినను పని మానలేదు. సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు కోశము 1938లోను వెలువడినవి. కుమారులు సీతాపతిగారును ఈ కృషిలో తోడై, తరువాత దానిని కొనసాగించిరి.

తెలుగు వచనమును గూర్చి పంతులుగారు సలిపిన వాదము వేఱొక వ్యాసమునకు దగినది. దానిని గ్రాంథికమున వ్రాయుట యెట్లో మాత్రము తోచదు. సవర పిల్లవాడు తన యింటి మాటతో చదువుకొనుట న్యాయమైనచో తెలుగు పిల్లవానికి మాత్ర మేల కాదని వారి తలంపు కాబోలు.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి దానిలో చేరెను. అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన యూరిని విడిచి పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. ఆ సంవత్సరమే, జూను నెలలో, మంగేయి గొమాంగొ యను సవర తన జాతివారికై 24 అక్షరముల క్రొత్త లిపిని కల్పించెను. అది సొరాంగ్ సొంపెంగ్ అని పేర్వడసినది. నేడు సవరను ఆ లిపిలో వ్రాయువారును, రోమను, ఒడియా, తెలుగు లిపులలో వ్రాయువారును గలరు. పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన దివంగతులైరి. వారి పుట్టినదినమగు ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగ జరుపుచున్నారు.