బెంగను కవిత్వం చేసినవాడు – అలిశెట్టి ప్రభాకర్

హాస్టల్లో ఉండేవాడు ఇంటిమీద బెంగ పెట్టుకుంటే చదువు సాగదంటారు పెద్దలు. మరి బెంగతోనే పని చేసినవాళ్ల సంగతేమిటి? మన జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ జీవితం చదివినప్పుడల్లా నాకీ ప్రశ్న వస్తుంది.

1954 జనవరి 12న జగిత్యాలలో పుట్టాడు. తండ్రి ప్రమాదంలో పోవడంతో ఇంటి బరువు మీద పడింది. మొదట చేతికొచ్చిన విద్య బొమ్మలు గీయడం. పండుగల బొమ్మలు, సినిమా నటుల బొమ్మలు పత్రికలకు వేశాడు. తర్వాత సిరిసిల్లలో ఒక స్టూడియోలో ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. జగిత్యాలలో పూర్ణిమ, 1979లో కరీంనగర్‌లో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో చిత్రలేఖ – ఇవీ ఆయన పెట్టిన స్టూడియోలు.

ఫోటోగ్రాఫర్ అంటే పరుల జ్ఞాపకాలతో పొట్ట పోసుకునేవాడన్నమాట. మా కోరుట్ల దిక్కు పల్లెల్లో పోయినవాళ్ల గుర్తుగా గోడమీద ఒక్క ఫోటోనే ఉండే ఇళ్లెన్నో. ఆ రోజుల్లో చీకటి గదిలో ఎర్రలైటు కింద కాగితాన్ని డెవలపర్లో ముంచితే ముఖం మెల్లగా తేలేది. హైపోలో వేయకుండా వెలుతురులోకి తెస్తే నల్లబడిపోయేది. జ్ఞాపకం కూడా అంతే గదా, దాన్ని నిలిపేది ఏదో ఒకటి కావాలి.

ఆయనకు అది కవిత్వం. 1974లో మొదటి కవిత అచ్చయింది. 1978లో ఎర్ర పావురాలు వచ్చింది. రైతుకూలీల జైత్రయాత్ర జగిత్యాలలో జరిగిందీ ఆ సెప్టెంబరులోనే. ఆ ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మరుసటేడు మంటల జెండాలు.

ఇంటి బెంగను 1688లో హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి రోగమన్నాడు, పరదేశాల్లో కొలువు చేసే తన దేశపు సిపాయిలను చూసి. ఇటీవలి శాస్త్రజ్ఞులు అలా అనరు. మనసు బాగాలేనప్పుడు, ఒంటరితనంలో పాత జ్ఞాపకాలు ఎక్కువగా వస్తాయనీ, వచ్చి మనసును తేలిక చేస్తాయనీ 2006లో ఇంగ్లండు పరిశోధకులు తేల్చారు. అలాంటి జ్ఞాపకం తలచుకుని రాసినవాళ్ల రచనలో కొత్తదనం ఎక్కువుందని 2015లో మరో అధ్యయనం చెప్పింది.

ప్రభాకర్‌కు ఈ లెక్క సగమే సరిపోతుందని నా అభిప్రాయం. హైదరాబాద్ పోయాక ఆయన పల్లె వెన్నెలను తలచుకుంటూ కూచోలేదు. ఆంధ్రజ్యోతిలో ఆరేళ్లపాటు సిటీలైఫ్ పేరిట చిన్న చిన్న కవితలు రాశాడు. జగిత్యాల కళ్లతో నగరాన్ని చూస్తే బెంగ కాస్తా కోపమైంది. ఆ కోపం నాలుగు పంక్తుల్లో ఇమిడింది. రాస్తే మనసు తేలికపడిందేమో గాని ఒళ్లు తేలికపడలేదు.

క్షయ పట్టుకుంది. మందు లేని కాలమేమీ కాదది. స్ట్రెప్టోమైసిన్ 1943లోనే కనుగొన్నారు. కానీ క్షయరోగికి మందొక్కటే చాలదు, మంచి తిండి, విశ్రాంతి కావాలి. పూట గడవడమే కష్టమైన ఇంట్లో అవి ఎక్కడినుంచి వస్తాయి? ఆ జబ్బుతోనే 1990లో సంక్షోభ గీతం, 1992లో సిటీలైఫ్ పుస్తకాలు తెచ్చాడు.

1993 జనవరి 12న, సరిగ్గా ముప్పైతొమ్మిదో పుట్టినరోజున, హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. సంక్రాంతికి రెండు రోజుల ముందు, పట్నంలోని జనమంతా ఊళ్లకు బయలుదేరే రోజులవి.