మూసీ తీరాన విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28 హైదరాబాదు నగరానికి కాళరాత్రిని మిగిల్చిన దినం. కుంభవృష్టికి పొంగిన మూసీనది అఫ్జల్‌గంజ్, కోల్సావాడి మొదలైన తీరప్రాంతాలను ముంచెత్తింది. మూడు వంతెనలు తెగిపోగా, కుతుబ్‌షాహీల కాలంనాటి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ అదృష్టం లేక అసువులు బాసినవారు పదిహేను వేలమంది ఉంటారని అంచనా. శిథిలాల దిబ్బగా మారిన ఆ నదీతీరానికి మళ్ళీ జీవం పోసే బాధ్యత ఒక ఇంజనీరుపై పడింది. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. ఆయన పూర్వికులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వలస వెళ్ళిన తెలుగువారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బి.ఏ. పూర్తిచేశారు. పూనా కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన స్వయంచాలక తలుపులు దేశమంతటా పేరు తెచ్చాయి. అయితే అక్కడ ఉన్నత పదవులు ఆంగ్లేయులకే దక్కేవి. ఎంత ప్రతిభ ఉన్నా భారతీయుడు చీఫ్ ఇంజనీరు కావడం దుర్లభమని గ్రహించి, ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ చేశారు. విదేశ పర్యటనలో ఉండగా నిజాం ప్రభుత్వ ఆహ్వానం అందింది.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య మునిగిన వీధులతోనే తన పరిశీలనను ముగించలేదు. నగరానికి ఎగువన పడిన వర్షపు లెక్కలు తీశారు. శంషాబాదులో ఒక్క దినంలోనే పన్నెండు అంగుళాలకు పైగా వాన కురిసినట్లు తేలింది. నది పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి దాని దిగువ చెరువును తెంపగా, ఆ నీరంతా ఏకమై నగరంపై విరుచుకుపడింది. నది ఆగ్రహమని జనులు భావించిన దానికి ఆయన ఈ విధంగా కారణం చూపారు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు, పల్లె చెరువు తెగి దిగువ బస్తీలు నీట మునిగినప్పుడు ఆ పాత లెక్కలు గుర్తుకు రాక మానవు.

ఆయన సమర్పించిన నివేదికలోని ప్రధాన సూచన నగరం వెలుపలిది. మూసీపైన, దాని ఉపనది ఈసాపైన రెండు జలాశయాలు నిర్మించి వరదను ఎగువనే నిలిపివేయాలన్నారు. నగరంలో తీరాలను ఎత్తుచేసి గోడలు కట్టాలని, వాటి వెంట విహారమార్గాలు ఏర్పరచాలని, మురుగునీటి కాలువలు తవ్వాలని కోరారు. జనం కంటికి ఇంపుగా తోచేవి ఉద్యానవనాలే. కాని ఎగువన ఆనకట్ట లేనిదే తీరాన ఏది కట్టినా నిలువదని ఆయన ఎరుగుదురు.

ఆ పిదప ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళి, 1912లో దివానయ్యారు. కృష్ణరాజసాగర నిర్మాణం, పరిశ్రమల స్థాపన ఆయన కీర్తిని పెంచాయి. ఆ కథ సుప్రసిద్ధమే.

ఇక్కడ హైదరాబాదులో 1912లోనే నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీల స్థానంలో వెడల్పైన బాటలు, గాలి వెలుతురు గల గృహాలు వెలిశాయి. పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస ఈ మండలి నిర్మించినదే. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నగరానికి తాగునీరు కూడా ఇచ్చింది. శవాలు తేలిన తీరాన హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు లేచాయి.

మురుగుకాలువల పని మాత్రం వెనుకబడింది. భవనాలకు దొరికిన ఆదరణ భూమిలోపలి గొట్టాలకు దొరకదు కదా! దివాను పదవిని వదలుకున్న విశ్వేశ్వరయ్య అరవై ఏళ్ళు దాటిన వయసులో, 1922లో, ఆ పథకం కోసమే మళ్ళీ హైదరాబాదు వచ్చారు. 1955లో ఆయనను భారతరత్న వరించింది. శతవసంతాలు చూసిన ఆ కర్మయోగి 1962లో బెంగుళూరులో కన్నుమూశారు.