హారీ ట్రూమన్

హారీ ఎస్. ట్రూమన్ (మే 8, 1884 - డిసెంబర్ 26, 1972) అమెరికా సంయుక్త రాష్ట్రాల 33వ అధ్యక్షుడు. 1945 నుండి 1953 వరకు ఈ పదవిలో ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం చివరలో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు వేయించిన అధ్యక్షుడిగా ఇతడు ఎక్కువమందికి తెలుసు. రాజకీయాలలోకి రాకముందు ఇతడు పదేళ్ళకు పైగా సేద్యం చేసిన రైతు. తల్లి వైపు నుండి కుటుంబానికి సంక్రమించిన పొలం, దానితోపాటు పెరిగిన తాకట్టు అప్పు ఇతని జీవితాన్ని ముప్పై ఏళ్ళపాటు ప్రభావితం చేశాయి.

కుటుంబ నేపథ్యం

ట్రూమన్ మిస్సోరి రాష్ట్రంలోని లమార్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జాన్ ఆండర్సన్ ట్రూమన్, తల్లి మార్తా ఎలెన్ యంగ్. ఇతనికి వివియన్ అనే తమ్ముడు, మేరీ జేన్ అనే చెల్లెలు ఉన్నారు. తల్లి తండ్రియైన సోలమన్ యంగ్ కెంటకీ నుండి వలస వచ్చి స్థిరపడిన భూస్వామి. ఆ కాలపు చాలామంది భూస్వాముల వలె ఆయనకు కూడా బానిసలు ఉండేవారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1861లో, కాన్సాస్ నుండి వచ్చిన ఉత్తరాది దళాలు యంగ్ కుటుంబపు పశుసంపదను నాశనం చేసి కొట్టాలను తగులబెట్టాయి. 1863లో సైనిక ఉత్తర్వు ప్రకారం ఆ ప్రాంతపు ప్రజలు ఇళ్ళు విడిచిపోవలసి వచ్చింది. అప్పటికి బాలికయైన మార్తా ఆ అనుభవాన్ని జీవితాంతం మరువలేదు.

గ్రాండ్‌వ్యూలో సేద్యం

గ్రాండ్‌వ్యూ వద్ద యంగ్ కుటుంబానికి సుమారు 600 ఎకరాల పొలం ఉండేది. ట్రూమన్ బాల్యంలో కొంతభాగం అక్కడే గడిచింది. 1901లో ఉన్నత పాఠశాల చదువు ముగిసే నాటికి తండ్రి ధాన్యపు జూదపు వ్యాపారంలో ఆస్తి పోగొట్టుకున్నాడు. దానితో కళాశాల చదువు సాగలేదు. ట్రూమన్ కాన్సాస్ సిటీలోని బ్యాంకులలో గుమాస్తాగా పనిచేశాడు. 1906లో తండ్రికి సాయంగా ఆ ఉద్యోగం వదిలి పొలానికి తిరిగివచ్చాడు. గోధుమ, మొక్కజొన్న, ఓట్లు పండించడం, పశువులను, పందులను పెంచడం, లెక్కలు వ్రాయడం ఇతని పనులు.

వీలునామా, వ్యాజ్యం

1909 డిసెంబరులో అమ్మమ్మ హారియెట్ లూయీసా మరణించింది. ఆమె తన వీలునామాలో పొలాన్ని మార్తాకు, కుమారుడు హారిసన్‌కు వ్రాసి, మిగిలిన సంతానానికి తలా 5 డాలర్లు మాత్రమే ఇచ్చింది. వారు దానిపై వ్యాజ్యం వేశారు. చివరకు న్యాయస్థానం వెలుపల రాజీ కుదిరింది. కానీ రాజీకి ఇచ్చిన సొమ్ము, న్యాయవాదుల ఖర్చులు కలిసి పొలాన్ని తాకట్టులోకి దించాయి. ఆస్తితోపాటు అప్పు కూడా వారసత్వంగా వచ్చింది.

1914లో తండ్రి రోడ్డు పనుల వద్ద బరువైన రాయిని ఎత్తబోయి గాయపడి, శస్త్రచికిత్స తరువాత మరణించాడు. సేద్యపు భారమంతా ట్రూమన్‌పై పడింది. అప్పు తీర్చే ఆశతో సీసం, తుత్తునాగం గనిలో పెట్టిన పెట్టుబడి కూడా నష్టపోయింది.

యుద్ధం, దుకాణం

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. 33 ఏళ్ళ ట్రూమన్ నిర్బంధ సైనిక సేవ వయసు దాటినవాడు. అయినా స్వచ్ఛందంగా చేరి, ఫ్రాన్స్‌లో ఫిరంగి దళానికి కెప్టెన్‌గా పనిచేశాడు. ఆ కాలంలో తల్లి, చెల్లెలు పొలం చూసుకున్నారు.

1919లో తిరిగివచ్చి బెస్ వాలెస్‌ను వివాహమాడాడు. సేద్యం విడిచి, సైన్యంలోని మిత్రుడు ఎడ్డీ జాకబ్‌సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో పురుషుల దుస్తుల దుకాణం తెరిచాడు. యుద్ధానంతర మాంద్యంలో పంటల ధరలు పడిపోయి, రైతుల కొనుగోలు శక్తి తగ్గింది. 1922లో దుకాణం మూతపడింది. ట్రూమన్ దివాలా ప్రకటించడానికి ఒప్పుకోక, ఆ అప్పులను సుమారు 15 ఏళ్ళపాటు తీరుస్తూ వచ్చాడు.

రాజకీయాలు, పొలం వేలం

1922లో పెండర్‌గాస్ట్ రాజకీయ వర్గం మద్దతుతో జాక్సన్ కౌంటీ పాలకవర్గానికి, 1934లో సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1930ల ఆర్థిక మాంద్యం గ్రాండ్‌వ్యూ అప్పును మరింత భారం చేసింది. 1938లో పాత అప్పులు తీర్చడానికి కౌంటీ పాఠశాలల నిధి నుండి 35,000 డాలర్లు తాకట్టుపై తీసుకున్నారు. బాకీ కట్టలేకపోవడంతో 1940లో పొలం వేలంలో పోయింది. అప్పుడు ట్రూమన్ తిరిగి సెనేట్‌కు పోటీ చేస్తున్నాడు. కౌంటీలోని ప్రత్యర్థులు తనను అవమానించడానికే ఇలా చేశారని ఇతడు నమ్మాడు. 87 ఏళ్ళ తల్లి గ్రాండ్‌వ్యూలో ఒక చిన్న ఇంటికి మారింది. అక్కడ జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. పార్టీ ప్రాథమిక ఎన్నికలో ట్రూమన్ సుమారు 8,000 ఓట్ల తేడాతో గెలిచి, తరువాత సెనేట్ స్థానం నిలుపుకున్నాడు.

అధ్యక్షునిగా

1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించడంతో ఉపాధ్యక్షుడైన ట్రూమన్ అధ్యక్షుడయ్యాడు. ఆ తరువాత మిత్రులు పొలాన్ని కౌంటీ నుండి కొని, అందులో కొంత భాగాన్ని ట్రూమన్ సోదరులకు అమ్మారు. తల్లి 1947 జూలై 26న మరణించింది. 1948 ఎన్నికలలో ధాన్యపు ధరల పతనానికి కాంగ్రెస్‌లోని ప్రత్యర్థులే కారణమని ప్రచారం చేసి, రైతుల ఓట్ల తోడ్పాటుతో అనూహ్యంగా గెలిచాడు. 1951లో ఆహార కొరత ఎదుర్కొంటున్న భారతదేశానికి ధాన్యం కొనుగోలు కోసం 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చే చట్టంపై సంతకం చేశాడు.

చివరి రోజులు

పదవి తరువాత ట్రూమన్ ఇండిపెండెన్స్ పట్టణంలో నివసించాడు. 1950లలో పొలంలో చాలా భాగం దుకాణాల సముదాయం కోసం అమ్ముడుపోయింది. తన ఆర్థిక ఇబ్బందులకు ఆ అమ్మకమే ఆధారమని ఇతడు చెప్పుకొన్నా, అప్పటికి తగినంత సొమ్ము కూడబెట్టాడని తరువాతి పరిశోధకులు కొందరు చూపారు. మాజీ అధ్యక్షులకు పింఛను ఇచ్చే చట్టం 1958లో వచ్చింది. 1972లో కాన్సాస్ సిటీలో మరణించిన ట్రూమన్‌ను ఇండిపెండెన్స్‌లోని తన గ్రంథాలయ ప్రాంగణంలో సమాధి చేశారు. గ్రాండ్‌వ్యూలో 1894లో అమ్మమ్మ కట్టించిన ఇల్లు, దాని చుట్టూ కొద్దిపాటి నేల మాత్రం మిగిలి, జాతీయ చారిత్రక స్థలంలో భాగంగా భద్రపరచబడ్డాయి.