ఖైరున్నీసా బేగం

ఖైరున్నీసా బేగం (సుమారు 1786 - 1813) నిజాము పాలనాకాలంలో హైదరాబాదులో నివసించిన ఉన్నతవంశపు స్త్రీ. ఈమె ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ భార్య. కోఠీలోని రెసిడెన్సీ భవనం చరిత్రతో ఈమె పేరు ముడివడి ఉంది.

కుటుంబ నేపథ్యం

ఈమె సయ్యదుల వంశంలో జన్మించింది. తల్లి షరఫున్నీసా. తండ్రి మెహదీ యార్ ఖాన్ మరణించిన పిదప మాతామహుడు బాకర్ అలీ ఖాన్ సంరక్షణలో పెరిగింది. నిజాము కొలువులో పలుకుబడి గల మీర్ ఆలం వీరి బంధువు. సయ్యదులు తమ ఆడపిల్లలను అన్యులకిచ్చే ఆచారం లేదు. పైగా ఈమెకు అప్పటికే ఒక ప్రభువుల ఇంటి సంబంధం నిశ్చయమై ఉంది.

వివాహం

1798లో నిజాముకు, కంపెనీకి మధ్య సైన్య సహకార ఒప్పందం కుదరడంలో కిర్క్‌పాట్రిక్ ప్రధానపాత్ర వహించాడు. పారసీక భాష నేర్చి, స్థానిక వేషధారణను అలవరచుకొన్న ఇతనిని ఖైరున్నీసా తన సోదరి వివాహ సందర్భంలో తెరచాటునుండి చూసి ఇష్టపడింది. ఇతడు ఇస్లాం మతం స్వీకరించి ఈమెను వివాహమాడాడు. కంపెనీ ప్రయోజనాలు కాపాడవలసిన అధికారి నిజాము ప్రభువర్గంతో వియ్యమందడం గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అనుమానం కలిగించింది. విచారణ జరిపించినా, కిర్క్‌పాట్రిక్ పదవి నిలిచింది.

సంతానం

వీరికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగారు. ఆనాడు కంపెనీ ఉన్నతోద్యోగాలలో మిశ్రమ సంతతికి ప్రవేశం లేదు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లాండు పంపించారు. అక్కడ వారికి క్రైస్తవ నామాలు పెట్టారు. తల్లి వారిని మరల చూడలేదు. అదే సంవత్సరం అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు.

చివరి దశ

1806లో ఈమె భర్త సమాధిని దర్శించడానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త వద్ద సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్‌తో సాన్నిహిత్యం ఏర్పడింది. అప్పటికి దివానుగా ఉన్న మీర్ ఆలం ఈమె హైదరాబాదుకు తిరిగి రావడాన్ని నిషేధించగా మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. రస్సెల్ 1808లో వేరొకరిని వివాహం చేసుకొన్నాడు. మీర్ ఆలం మరణానంతరం ఈమె స్వస్థలం చేరి, 1813 సెప్టెంబరులో మరణించింది.

అనంతర కాలం

కుమార్తె కిట్టీ పెద్దయ్యాక అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది. ఈమె నివసించిన రంగ్ మహల్ తరువాత కూల్చివేయబడింది. 1803లో నిర్మాణం మొదలైన రెసిడెన్సీ భవనం 1949 నుండి మహిళా కళాశాలగా ఉపయోగపడి, 2022లో మహిళా విశ్వవిద్యాలయంలో భాగమైంది. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన వైట్ మొఘల్స్ గ్రంథం ఈ దంపతుల చరిత్రను వివరిస్తుంది.