కొలత తప్పని మనిషి

మూడేళ్ల క్రితం ఆఫీసు పని మీద డెట్రాయిట్ వెళ్లాను. నేను దిగిన వీధి చివర ఒక పాత కారు అద్దం మీద అమ్మకానికని బోర్డు పెట్టి ఉంది. 1964 నాటి లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్. ఏడు లీటర్ల వి-8 ఇంజిన్. వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. మీట నొక్కితే టాపు మొత్తం మడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోతుంది. ధర అడిగాను గానీ కొనేంత స్తోమత నాకెక్కడిది! అయితే ఆ కంపెనీ పెట్టినాయన ఎవరో తెలుసుకోవాలనిపించింది. అలా పరిచయమైన మనిషి హెన్రీ లేలాండ్. మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే ఆయనే గుర్తొచ్చారు. ఎందుకో చివర్లో చెబుతాను.

లేలాండ్ 1843లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కాలేజీ చదువు లేదు. అంతర్యుద్ధం రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో పని నేర్చుకున్నారు. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీలో సరిగ్గా అమరాలన్నది అక్కడి నియమం. తర్వాత కొలత పరికరాలకు పేరుపడ్డ బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశారు. అంగుళంలో వెయ్యో వంతు తేడాను కూడా పట్టించుకోవడం అక్కడ ఆయనకు అలవాటైపోయింది. 1890లో డెట్రాయిట్ చేరి సొంత వర్క్‌షాపు పెట్టారు.

1902లో హెన్రీ ఫోర్డ్ వదిలి వెళ్లిన ఒక కార్ల కంపెనీని మూసేద్దామని, యంత్రాలకు విలువ కట్టమని వాటాదారులు లేలాండ్‌ను పిలిచారు. ఆయన విలువ కట్టి ఇచ్చి, మూయవద్దని, తన దగ్గరున్న ఇంజిన్‌తో కార్లు చేయవచ్చని సలహా ఇచ్చారు. అలా పుట్టిందే కాడిలాక్.

1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్‌లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి బదులు స్పేర్ పార్టులు పెట్టారు. ఆకురాయి పెట్టకుండా మామూలు పనిముట్లతోనే మళ్లీ మూడు కార్లు బిగించి, 500 మైళ్లు నడిపారు. మూడూ నిలిచాయి. ఆ ఏటి డ్యూయర్ ట్రోఫీ కాడిలాక్‌కు వచ్చింది. ఈరోజు మనం షాపుకెళ్లి బేరింగ్ నంబరు చెప్పి కొనుక్కొచ్చి బిగించేస్తున్నామంటే, దాని వెనక ఇలాంటివాళ్ల పట్టుదల ఉంది.

1909లో కాడిలాక్‌ను జనరల్ మోటార్స్ కొన్నా, నడిపింది లేలాండే. 1917లో యాజమాన్యంతో పొసగక బయటికొచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 74. కొడుకు విల్ఫ్రెడ్‌తో కలిసి, యుద్ధ విమానాలకు లిబర్టీ ఇంజిన్లు చేసే కొత్త కంపెనీ పెట్టారు. 1864లో తన మొదటి ఓటు వేసింది అబ్రహాం లింకన్‌కే. ఆ పేరే కంపెనీకి పెట్టుకున్నారు. 6,500 ఇంజిన్లు చేశారు. యుద్ధం ముగిశాక 1920లో లింకన్ కారు తెచ్చారు. ఇంజిన్ అద్భుతం. కానీ కారు రూపం పాతకాలంగా ఉందన్నారు జనం. దానికి తోడు మాంద్యం, పన్ను బకాయిల గొడవ. 1922లో కంపెనీ వేలానికొచ్చింది. 80 లక్షల డాలర్లకు కొన్నది, ఇరవై ఏళ్ల క్రితం ఎవరి పాత కంపెనీకి ఈయన విలువ కట్టారో ఆ హెన్రీ ఫోర్డే! కొద్ది నెలల్లోనే తండ్రీకొడుకులు బయటికి రావాల్సి వచ్చింది.

తనను నమ్మి డబ్బు పెట్టిన వాటాదారులకు ఫోర్డ్ సొమ్ము చెల్లిస్తానన్నారని లేలాండ్ కోర్టుకెక్కారు. అది నోటి మాట, కాగితం మీద లేదు. కేసు ఓడిపోయారు. వెయ్యో వంతు తేడాను వదలని మనిషి, అంత పెద్ద ఒప్పందాన్ని మాట మీద వదిలేశారు. 1932లో కన్నుమూశారు.

మన లెక్కల మాస్టారు గుర్తున్నారు కదా! జామెట్రీలో గీత ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అర మార్కు కోసేవారు. జవాబు సరైనదైనా యూనిట్ రాయకపోతే సున్నానే. పిసినారితనం అనుకునేవాళ్లం. ముప్పై ఏళ్లుగా డ్రాయింగుల మీద సంతకాలు పెడుతున్నాను. పెట్టే ముందు ప్రతిసారీ కొలతలు మరోసారి సరిచూస్తాను. ఆ అర మార్కుల విలువ ఇప్పుడు తెలుస్తోంది. లేలాండ్ కథ చదివాక ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. ఎంత దగ్గరివాళ్లతోనైనా సరే, ఒప్పుకున్నది కాగితం మీద పెడుతున్నాను.