తరతరాల సత్యభామ – పద్మశ్రీ స్థానం నరసింహారావు

(సెప్టెంబరు 23 – స్థానం నరసింహారావు జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తెలుగు పద్యనాటకాలలో పాత తరం ప్రేక్షకులు నేటికీ మక్కువతో తలచుకొనే వాటిలో శ్రీకృష్ణ తులాభారం ముఖ్యమైనది. ముత్తరాజు సుబ్బారావు రచించిన ఈ నాటకాన్ని ఊరూరా చిన్న వేదికలపై పునఃప్రదర్శించాలని కళాభిమానులు సంకల్పించిన ప్రతిసారీ మొదట ఎదురయ్యే ప్రశ్న, సత్యభామ పాత్రను ఎవరు ధరిస్తారన్నదే. ఆ పాత్రకు అంతటి ప్రతిష్ఠ తెచ్చిపెట్టిన నటుడు పద్మశ్రీ స్థానం నరసింహారావు. ఆయన పరమపదించి అర్ధ శతాబ్దం దాటినా, సత్యభామ నడక, చూపు, మాట, పాట ఎలా ఉండాలన్న చర్చ వచ్చినపుడు నాటకరంగం ఆయననే ప్రమాణంగా స్వీకరిస్తున్నది. పద్యనాటక పునరుద్ధరణకు కృషి జరుగుతున్న ఈ తరుణంలో ఆయన జీవితాన్ని, కళాసాధనను స్మరించుకోవడం సముచితం.

బాల్యం – రంగప్రవేశం

స్థానం నరసింహారావు 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించారు. తల్లి ఆదెమ్మ, తండ్రి హనుమంతరావు. తరువాత గుంటూరు జిల్లాలో భాగమైన బాపట్ల, 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ప్రత్యేక జిల్లా కేంద్రమైంది.

ఆయన జన్మించేనాటికి తెలుగు నాటకం కొత్త ఊపిరి పోసుకొంటున్నది. 1880లో ధార్వాడ నాటక సమాజం తెలుగు ప్రాంతాలలో ఇచ్చిన ప్రదర్శనలు విద్యావంతులను ఆకర్షించాయి. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో నాటక ప్రదర్శనలకు శ్రీకారం చుట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం అంకురించింది. 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరసవినోదినీ సభను స్థాపించి, పాటలు, పద్యాలు మేళవించిన నాటకాలకు బాట వేశారు. హార్మోనియం శ్రుతిలో పద్యాన్ని రాగయుక్తంగా పాడే పద్ధతి అచిరకాలంలోనే జనాదరణ పొందింది. రాత్రి భోజనాల వేళ దాటిన తరువాత మొదలై తెల్లవారుజాము వరకు సాగే ప్రదర్శనలకు బండ్లు కట్టుకొని వచ్చే ప్రేక్షకులు, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ చెప్పి మళ్లీ పాడించుకొనే ఆనవాయితీ ఆ కాలానివే.

ఇటువంటి వాతావరణంలో పెరిగిన నరసింహారావు రంగప్రవేశం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకాన్ని ప్రదర్శించవలసిన సమయానికి చంద్రమతి పాత్రధారి రాలేదు. ప్రదర్శన ఆగిపోకుండా ఆ పాత్రను ధరించడానికి ఆయన ముందుకు వచ్చారు. ఒక్క రాత్రి కొరత తీర్చడానికి వేసిన ఆ వేషమే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించింది.

తెనాలి రామవిలాస సభ

అనంతరం ఆయన తెనాలి శ్రీరామవిలాస సభలో ప్రవేశించారు. ఆంధ్రప్రదేశ్ కళారంగంలో తెనాలి పట్టణానికి విశిష్ట స్థానమున్నది. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినదీ తెనాలిలోనే. రామవిలాస సభలో మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి ఉద్దండ నటుల సరసన నిలిచి నటించడం యువకుడైన నరసింహారావుకు గొప్ప శిక్షణ అయింది. సమాజంలో ప్రతి నటునికీ ఒక పాత్ర నిర్దిష్టంగా ఉండి, ఆ పాత్రను ఏళ్ల తరబడి నటిస్తూ మెరుగులు దిద్దుకొనే అవకాశం లభించేది. సత్యభామ పాత్ర ఆయన చేతిలో పరిపక్వం కావడానికి ఈ వ్యవస్థ ఎంతగానో తోడ్పడింది.

శ్రీకృష్ణ తులాభారం కథ తెలుగువారికి సుపరిచితం. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పం రుక్మిణికి దక్కడంతో సత్యభామ అలుగుతుంది. శ్రీకృష్ణుడు ఆమెను అనునయిస్తాడు. భర్త ప్రేమను తనకే పరిమితం చేసుకోవాలన్న తపనతో ఆమె వ్రతం పూని, పతినే నారదునికి దానమిస్తుంది. తిరిగి పొందడానికి తన సంపదనంతా త్రాసులో వేసినా కృష్ణునితో తూగదు. చివరకు రుక్మిణి భక్తితో ఉంచిన తులసీదళం తూగుతుంది. విదూషకుడైన వసంతకుని హాస్యం, నారదుని చమత్కారం కథకు వన్నె తెచ్చాయి.

ఈ పాత్రలో గర్వం, అలక, ప్రేమ, భయం, పశ్చాత్తాపం వరుసగా రావాలి. గర్వం మోతాదు మించితే ప్రేక్షకునికి ఆమెపై సానుభూతి కలుగదు; తగ్గితే తులాభార ఘట్టానికి బలముండదు. శృంగారంతో మొదలై కరుణతో ముగిసే ఈ ప్రయాణాన్ని నరసింహారావు అడుగడుగునా ఔచిత్యం పాటిస్తూ నడిపించారు. దర్పంతో నడిచిన సత్యభామ, భర్తను దానమిచ్చిన మరుక్షణం తానేమి చేసినదీ గ్రహించి తల్లడిల్లడం ప్రేక్షకులను కదిలించేది.

నటుడే గేయకర్త

పాత్రకు అవసరమని తోచిన చోట ఆయన స్వయంగా చిన్న పాటలు రచించుకొని, వాటిని సన్నివేశానికి అనుగుణంగా పాడేవారు. తన ఆజ్ఞను శ్రీకృష్ణుడు దాటజాలడన్న సత్యభామ ధీమాను వెల్లడించే ప్రసిద్ధ గీతం ఆయన రచించినదే. తేట తెలుగు మాటలతో సాగే ఆ పాట నాటకంతో పెనవేసుకుపోయింది. 1966లో విడుదలైన శ్రీకృష్ణ తులాభారం చలనచిత్రంలో సత్యభామగా జమున నటించగా, అందులోనూ ఆ పాట చోటు చేసుకొన్నది. నాటకశాలకు ఎన్నడూ వెళ్లని వారి నోటను కూడా అది నేటికీ వినవస్తున్నది. అయితే దానిని కూర్చినది ఒక రంగస్థల నటుడన్న విషయం చాలామందికి తెలియకపోవడం విచారకరం.

సత్యభామతో పాటు రాధ, శకుంతల, చిత్రాంగి, చింతామణి, దేవదేవి, రోషనార పాత్రలు ఆయనకు కీర్తి తెచ్చాయి. కోరికతో కన్నుగానని చిత్రాంగికి, వేశ్యావృత్తిలో ఉంటూ పరివర్తన చెందే చింతామణికి ఒకే తీరు హావభావాలు సరిపోవు. గురజాడ అప్పారావు కన్యాశుల్కంలోని మధురవాణి పద్యాల ఊతం లేని వచన పాత్ర. పద్యంతో మెప్పించిన నటుడు మధురవాణిగా కేవలం సంభాషణతో రాణించడం ఆయన ప్రతిభకు నిదర్శనం. ప్రతి పాత్రకు తగిన చీరకట్టు, ఆభరణాలు, కేశాలంకరణ, నడక విడివిడిగా ఆలోచించి అమర్చుకొనేవారు. తన రంగస్థల అనుభవాలను నటస్థానం అనే గ్రంథంలో పొందుపరిచారు. స్త్రీ పాత్రధారణలోని సాధకబాధకాలను స్వయంగా నటుడే వివరించినందున ఆ గ్రంథం నాటక విద్యార్థులకు ఉపయుక్తమైనది.

ఒక వివాదం – ఒక సంప్రదాయం

పురుషులు స్త్రీ పాత్రలు ధరించడంపై ఆ రోజులలోనే భిన్నాభిప్రాయాలు ఉండేవి. స్త్రీ పాత్రలను స్త్రీలే పోషించాలని మహానటుడు బళ్ళారి రాఘవ గట్టిగా వాదించి, విద్యావంతులైన మహిళలను రంగస్థలానికి ఆహ్వానించారు. సురభి సమాజంలో కుటుంబ స్త్రీలు అంతకుముందు నుంచే నటిస్తున్నారు. మరోవైపు కూచిపూడి భామాకలాపంలో పురుషులే సత్యభామ వేషం కట్టే సంప్రదాయం తరతరాలుగా ఉన్నది.

ఈ రెండు దృక్పథాల నడుమ నరసింహారావు నటజీవితం సాగింది. రాఘవ వాదనలోని న్యాయాన్ని కాలం ధ్రువపరిచింది. మహిళలు నాటకరంగంలో తమ స్థానాన్ని తామే సంపాదించుకొన్నారు. అయినా నరసింహారావు కళ విలువ తగ్గలేదు. స్త్రీని అనుకరించి నవ్వించడం ఆయన మార్గం కాకపోవడమే ఇందుకు కారణం. పాత్ర మనసును అధ్యయనం చేసి దానికి రూపమిచ్చారు. అందుచేతనే తరువాత సత్యభామ పాత్ర ధరించిన నటీమణులు సైతం ఆయన బాణీని గౌరవించారు.

సత్కారాలు

తెలుగు ప్రాంతాలలోనే గాక బయట కూడా ఆయనకు ఆదరణ లభించింది. ఆనాడు తెలుగువారు అధిక సంఖ్యలో నివసించిన రంగూన్‌లో బంగారు కిరీటంతో ఆయనను సత్కరించారు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. తెలుగు నటులలో ఈ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించిన సంవత్సరంలోనే ఈ గౌరవం దక్కడం విశేషం.

అప్పటికే పద్యనాటకానికి గడ్డుకాలం మొదలైంది. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైన తరువాత నటులు, గాయకులు, హార్మోనిస్టులు క్రమంగా చిత్రసీమకు తరలిపోయారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ప్రభావంతో సాంఘిక నాటకాలు బలపడ్డాయి. పరిషత్తు పోటీలు పెరిగేకొద్దీ తక్కువ వ్యవధిలో ముగిసే నాటికలకు ప్రాధాన్యం హెచ్చింది. రాత్రంతా సాగే పద్యనాటకాన్ని నమ్ముకొన్న సమాజాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈ మార్పులన్నింటినీ కళ్లారా చూసిన స్థానం నరసింహారావు 1971 ఫిబ్రవరి 21వ తేదీన తన 68వ ఏట స్వర్గస్థులయ్యారు.

నేటి వేదికపై తులాభారం

పద్యనాటకాన్ని నిలబెట్టుకొనే ప్రయత్నాలు ఆగలేదు. 1998లో ప్రారంభమైన నంది నాటకోత్సవాలలో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం కల్పించారు. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన ఉత్సవాలలోనూ పద్యనాటకాలు ప్రదర్శితమయ్యాయి. కందుకూరి జయంతి అయిన ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

అయితే పాత నాటకాన్ని చిన్న నాటకశాలకు తీసుకురావడంలో చిక్కులున్నాయి. నాటి ప్రేక్షకుడు రాత్రంతా కూర్చొనేవాడు. నేటి ప్రేక్షకుడు రెండు గంటలకు మించి కూర్చొనడం కష్టం. అన్ని ఘట్టాలనూ కొంచెం కొంచెంగా కోస్తే కథ మిగులుతుంది గాని నాటకం మిగలదు. శ్రీకృష్ణ తులాభారం విషయంలో అలక ఘట్టం, దాన ఘట్టం, తులాభార ఘట్టం మూడింటినీ నిండుగా ఉంచి, తక్కిన కథను వసంతకుని మాటలతో కలుపుకోవచ్చు. పద్యాలను తొలగించే బదులు, పద్యం చివర సాగదీసే ఆలాపనను కుదిస్తే సమయం ఆదా కావడమే గాక అర్థం కూడా ప్రేక్షకునికి చేరుతుంది. అలక ఘట్టం అంతఃపురంలో ఇద్దరు ముగ్గురు పాత్రల నడుమనే జరుగుతుంది. దానికి పెద్ద రంగస్థలంతో పని లేదు. ప్రేక్షకుడు దగ్గరగా కూర్చొనే చిన్న శాలలో కంటిచూపు, పెదవి విరుపు స్పష్టంగా కనబడతాయి. నరసింహారావు ప్రధానంగా ఆధారపడిన సాత్త్వికాభినయానికి ఇటువంటి వేదిక అనువైనది.

ఖర్చు కన్నా పెద్ద సమస్య మరొకటి ఉన్నది. నటుని గొంతును వెంబడిస్తూ, అవసరమైన చోట ఆగుతూ వాయించగల హార్మోనిస్టులు తగ్గిపోతున్నారు. పద్యాన్ని యతిస్థానం తెలిసి విరిచి చదువగల యువ నటులు అరుదయ్యారు. పుస్తకం ముద్రణలో ఉన్నంత మాత్రాన నాటకం బ్రతికి ఉన్నట్లు కాదు. ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఏ మాట వద్ద నిలవాలో గురువు నుంచి శిష్యునికి ముఖతః అందవలసిందే. వయసు మళ్లిన కళాకారులు ఉండగానే వారి చేత శిక్షణ ఇప్పించి, వారి బాణీలను ధ్వనిముద్రణ చేయించి భద్రపరచవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ఈ పని ఆలస్యమైతే తిరిగి తెచ్చుకొనే వీలు లేదు.

ఒక నటుడు రాని రాత్రి, ప్రదర్శన ఆగరాదని ముందుకు వచ్చిన యువకుడు తెలుగు రంగస్థలానికి అర్ధ శతాబ్దం పాటు వెలుగునిచ్చాడు. ఆయన జన్మించిన బాపట్లలో, ఆయనను తీర్చిదిద్దిన తెనాలిలో, నాటకాన్ని ప్రేమించే ప్రతి ఊరిలో ఏటా ఒక్కసారైనా శ్రీకృష్ణ తులాభారం తెర లేవడం, అందులో ఒక కొత్త సత్యభామ వేదికపై అడుగిడడం స్థానం నరసింహారావుకు అర్పించగల నిజమైన నివాళి.